షామీర్‌పేట ఈగకు పేరు

జూన్ రెండో మంగళవారం ఉదయం పది గంటలకు, షామీర్‌పేటలో దొరికిన ఈగ కొత్త జాతి అని పద్మలతకు ఖాయమైంది.

పద్మలత మేడ్చల్‌లో డిగ్రీ కాలేజీ లెక్చరర్. జంతుశాస్త్రం చెబుతుంది. ఈగ దోమంత ఉంటుంది. కుట్టదు. పుట్టగొడుగుల షెడ్లలో పెరుగుతుంది. దాని పిల్లపురుగులు పుట్టగొడుగుల వేళ్లలాంటి పోగులు తింటాయి కాబట్టి షెడ్లవాళ్లు మందు కొడతారు. ఇలాంటి ఈగలను మగదాని తోక చివర చూసి వేరు చేస్తారు. పద్మలత ఆ భాగం కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, బొమ్మ గీసి, తెలిసిన జాతులతో పోల్చింది. దేనితోనూ కలవలేదు.

ఈగలు పట్టి ఇచ్చినవాడు సిద్దిరాములు. షామీర్‌పేట దగ్గర ఒక షెడ్డులో పనిచేసేవాడు. పద్మలత ఇచ్చిన స్పిరిటు సీసాల్లో వేసి ఉంచేవాడు. ఫిబ్రవరిలో చనిపోయాడు.

కొత్త జాతికి పేరు పెట్టే హక్కు దాని వర్ణన రాసినవారిది. ఎవరినీ అడగనక్కర్లేదు. పద్మలత సిద్దిరాములు పేరు పెట్టాలనుకుంది. అయినా అడగడానికి గుండ్లపోచంపల్లిలో వాళ్లింటికి వెళ్లింది.

అతని భార్య ముత్తమ్మ చాప వేసింది. కొడుకు ఎల్లేష్ దుండిగల్ రూట్లో షేర్ ఆటో నడుపుతాడు. సంగతి విని నవ్వాడు.

"దోమకా మేడమ్? రేపటి సంది అడ్డా మీద నన్ను దోమోని కొడుకంటరు."

"దోమ కాదు ఎల్లేష్. ఆ పేరు ప్రపంచమంతా రాసుకుంటరు."

"ప్రపంచం నా ఆటో ఎక్కదు మేడమ్. ఎక్కేది గీ ఊరోళ్లే."

"నువ్వు ఊకోరా," అంది ముత్తమ్మ. పద్మలత వైపు తిరిగింది. "ఆయన మందు కొట్టేది గీ ఈగలకేనా?"

"వీటికే."

"గా మందు కొట్టి కొట్టే దగ్గు పట్టింది. రాత్రి పండనియ్యకపోతుండె."

దగ్గుకు కారణం ఏ డాక్టరూ రాసివ్వలేదు.

"ఆయన పేరు పెడితే, ఇగ ఆయన పేరున్నదానికే మందు కొడతరు గద?"

"కొడతరు," అంది పద్మలత.

"వద్దమ్మా. ఆయన చేతుల సచ్చినయి సాలు. ఆయన పేర సావొద్దు."

"సరే ముత్తమ్మా. పెట్టను."

పద్మలత లేచింది. ముత్తమ్మ లేవలేదు.

"మరి ఆయన పేరు యాడా ఉండదా?"

"ఉంటది. ఈగ పక్కన చీటీ పెడతం. ఎవరు పట్టిన్రో దాని మీద రాయాలె."

"పట్టింది ఆయననే గద?"

"ఆయననే."

"గది రాయుండ్రి. గది నిజం."

ఈగకు షామీర్‌పేట పేరు పెట్టారు. వర్ణన నవంబరులో అచ్చయింది. ఈగను మ్యూజియానికి పంపే రోజు ముత్తమ్మ కొడుకుతో కాలేజీకి వచ్చింది. సీసా చూసింది. ఈగ గురించి ఏమీ అడగలేదు. చీటీ ఏదని అడిగింది.

చీటీ వేలి గోరంత ఉంది. ఇంగ్లీషులో ఉంది. ఎల్లేష్ భూతద్దం పెట్టి తల్లికి చదివి చెప్పాడు.

"షామీర్‌పేట. మగది. పట్టినాయన సిద్దిరాములు."

"ఇంకోపారి సదువు."

ఎల్లేష్ మళ్లీ చదివాడు.