సోమవారం లోపల

డాక్టరుగారు జ్ఞానమ్మకు చెప్పినవి మూడే. ఎత్తు తక్కువ పీట మీదా నేల మీదా కూర్చోకూడదు. కాలు మీద కాలు వేసుకోకూడదు. కిందికి వంగకూడదు. మూడు నెలలు ఈ మూడూ పాటిస్తే తుంటిలో పెట్టిన ఉక్కు గుండు తన చోట కుదురుకుంటుందనీ, లేదంటే జారి బయటికి వస్తుందనీ అన్నారు. అమలాపురం ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజే కోడలు మెర్సీ ఆ మూడింటినీ పాత చర్చి క్యాలెండరు వెనక బొమ్మలుగా గీసి గోడకు అంటించింది. అత్తగారికి చదువు రాదు. అందుకని అక్షరాలకు బదులు పుల్లల్లాంటి మనుషుల్ని గీసింది. మూడో బొమ్మలో మనిషి వంగి ఉంటుంది. దాని మీద ఎర్ర పెన్నుతో పెద్ద ఇంటూ గుర్తు.

జ్ఞానమ్మ ఆ బొమ్మ వంక చూసి, "వంగొద్దంటే ఇంక నేనెందుకే అమ్మాయ్" అంది.

నవ్వులాటకు అన్నా అందులో అబద్ధం లేదు. పదమూడో ఏట చేలో దిగింది మొదలు ఆమె బతుకంతా నడుం వంచుకునే గడిచింది. ఊడ్పులకు వంగింది, కలుపుకు వంగింది, కోతలకు వంగింది. భర్త ఇస్సాకు పోయాక ఆ వంగిన నడుంతోనే కొడుకు ప్రేమ్ కుమార్‌ని ఎమ్మెస్సీ దాకా చదివించింది. అంత పని చేసినప్పుడు విరగని ఎముక, పని మానేసి ఇంటిపట్టున ఉన్నాక పెరట్లో కుళాయి దగ్గర పాచి మీద జారితే విరిగింది.

ఇల్లంతా ఆమె తుంటికి తగ్గట్టు మారిపోయింది. మంచంకోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. చేతులున్న కుర్చీలో బొంత మడతపెట్టి వేశారు. పడుకుంటే రెండు కాళ్ళ మధ్య దిండు ఉండాలి, అది జారిపోకుండా మెర్సీ చీరపేలికతో కట్టేది. పక్కింటి కృపావతి రోజూ వచ్చి చూసి, "ఎత్తు కుర్చీ, ఎత్తు మంచం. మా వదిన దొరసాని అయిపోయిందిరా బాబూ" అని ఏడిపించేది.

నొప్పికి మాత్ర ఉంది. మాత్ర లేనిది బాత్రూముకే. వాకరు పట్టుకుని పదమూడు అడుగులు వెయ్యాలి, ఎత్తు కమోడు కుర్చీ మీద కూర్చోవాలి, లేవాలి. ఆ కూర్చోవడం, లేవడం మెర్సీ లేకుండా అయ్యేవి కావు. ఒక ఆదివారం మెర్సీ మందులకని రాజోలు వెళ్ళింది. జ్ఞానమ్మ గంటసేపు పళ్ళ బిగువున ఉండి, ఇక ఉండలేక కొడుకును పిలిచింది. ప్రేమ్ కుమార్ తల్లిని ఎత్తి కూర్చోబెట్టి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత వాకరు కాళ్ళకున్న రబ్బరు తొడుగులు తీసి కుళాయి కింద కడిగాడు. అవి మురికిగా ఏమీ లేవు.

మెర్సీ రాజోలులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. పేటలో బీఎడ్ చదివిన మొదటి ఆడపిల్ల ఆమే. నెల రోజులు సెలవు పెట్టింది. అది చాలక మరో వారం పొడిగించింది. ఇంక కుదరదని బడివాళ్ళు ఫోన్ చేశారు. సోమవారం రాకపోతే ఆ చోట వేరే మనిషిని పెట్టుకుంటామన్నారు. ప్రేమ్ కుమార్ రామచంద్రపురంలో కాలేజీకి తెల్లారగట్ల బస్సెక్కితే మళ్ళీ పొద్దుపోయాకే రాక. అతని సెలవులు ఆపరేషనుకే అయిపోయాయి. మధ్యాహ్నం అన్నం కృపావతి పెడుతుంది గాని మనిషిని లేపే శక్తి ఆమెకూ లేదు.

పోనీ మానేస్తానని మెర్సీ అంటే జ్ఞానమ్మ ఒప్పుకోలేదు.

"నా మూలాన నువ్వు బడి మానేసేవంటే నేను ముద్ద ముట్టను. సోమవారం లోపల నా అంతట నేను లేస్తాను, చూడు."

పొద్దున్నా సాయంత్రం పరీక్షకు చదివినట్టు నేర్చుకుంది. ముందు వాకరు, తర్వాత జబ్బుకాలు, ఆ తర్వాత మంచికాలు. మంగళవారం నాలుగు అడుగులు. బుధవారం తలుపు దాకా. గురువారం కూర్చుంది గాని లేవలేక మెర్సీని కేకేసింది. శుక్రవారం మెర్సీ గడియ వెయ్యని తలుపు బయట నిలబడి వింది. లోపల వాకరు చప్పుడు ఆగింది. చాలాసేపటికి మళ్ళీ వినిపించింది. జ్ఞానమ్మ తలుపు తోసుకుని తనంతట తనే బయటికొచ్చి, చెమటలు కక్కుతూ మంచం దాకా నడిచింది. మెర్సీ బీరువాలోంచి బడికి కట్టుకునే నీలం చీర తీసి, ఇస్త్రీ చేసి, మేకుకు తగిలించింది. జ్ఞానమ్మ సాయంత్రం దాకా ఆ చీర వంకే చూసింది.

శనివారం పదింటికి బుచ్చిరాజుగారు వచ్చారు. జ్ఞానమ్మ నలభై ఏళ్ళు పనిచేసింది ఆయన చేలోనే. ఎనభై దాటిన మనిషి, కారు దిగి కర్ర పోటేసుకుంటూ, అరటిపళ్ళ అత్తం పట్టుకుని ఆయనే లోపలికి వచ్చారు. ఆయన ఈ ఇంటి గడప తొక్కడం అదే మొదలు. జ్ఞానమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది. మెర్సీ భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"కూర్చో జ్ఞానమ్మా, లేవకు" అన్నారు ఆయన కూడా.

మెర్సీ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. అది జ్ఞానమ్మ కుర్చీ కంటే జానెడు పల్లం. ఆయన కింద, తను పైన. వెన్ను నిటారుగా పెట్టి కూర్చుందే గాని ఆమెకు ఒళ్ళంతా ముళ్ళ మీద ఉన్నట్టుంది. ఆయనకు అదేమీ పట్టలేదు. తన భార్య పద్మావతిగారికీ ఇదే ఆపరేషను అయిందనీ, ఆవిడ మూడు నెలలు మంచం దిగలేదనీ చెప్పుకొచ్చారు. మీ అబ్బాయి కాలేజీలో పాఠాలు చెబుతున్నాడంట కదా అని మెచ్చుకున్నారు. గోడ మీది బొమ్మల్ని చూసి, ఎవరు గీశారని అడిగి నవ్వారు.

"వంగితేనే ముప్పు జ్ఞానమ్మా. మా ఇంట్లో మీ అమ్మగారికి కూడా అదే చెప్పేరు."

"ఆయ్ అండి" అంది జ్ఞానమ్మ.

మెర్సీ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. బుచ్చిరాజుగారు జేబురుమాలు తీసుకోబోతే, మోకాలికి ఆనించిన కర్ర జారి జ్ఞానమ్మ పాదాల దగ్గర పడింది. ఆయన కుర్చీలోంచే చెయ్యి చాపి, అందక, మూలుగుతూ ముందుకు వంగబోయారు.

గట్టు మీద ఆయన గొడుగు పడితే చేలో దగ్గరున్న మనిషి తీసి అందించేది. ఇలా చెయ్యమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పడిన వస్తువు ఎవరిదో చూడకముందే నడుం వంగేది. ఇప్పుడూ అంతే అయింది. గోడ మీద ఎర్ర ఇంటూ ఆమెకు ఎదురుగానే ఉంది. "ఉండుండు" అన్న ఆయన మాట వినబడింది కూడా. అప్పటికే వేళ్ళు కర్రను అందుకున్నాయి.

తుంటి లోపల టక్కుమంది.

మెర్సీ పరుగెత్తుకొచ్చేసరికి జ్ఞానమ్మ కుర్చీ చేతికి ఒరిగిపోయి ఉంది. జబ్బుకాలు పొట్టిదైపోయి, పాదం లోపలికి తిరిగిపోయింది. కర్ర మాత్రం వదల్లేదు. బుచ్చిరాజుగారు, నా కారులో తీసుకెళ్ళండి అన్నారు. కారులో కూర్చోవాలంటే ఆ కాలు మడవాలి, అది మడవడానికి లేదు. నూట ఎనిమిదికి ఫోన్ చేశారు. అంబులెన్సు వచ్చాక, దానికి దారివ్వడానికి ఆయన కారును పేట సందులోంచి వెనక్కి తియ్యాల్సి వచ్చింది. దానికే పావుగంట పట్టింది. ఆ పావుగంటా ఆయన గుమ్మంలో ఒంటరిగా నిలబడి, నేను తీసుకుందును కదా, నేను తీసుకుందును కదా అంటూనే ఉన్నారు.

ఆసుపత్రిలో మత్తిచ్చి గుండును మళ్ళీ లోపలికి తోశారు. ఈసారి ఆరు వారాలు మంచం దిగకూడదన్నారు. లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి.

మెలకువ వచ్చేసరికి ప్రేమ్ కుమార్ పక్కన నిలబడి ఉన్నాడు. కాలేజీ నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, మెడలో గుర్తింపు కార్డు అలాగే ఉంది.

"కర్రే కదమ్మా పడింది. ఎందుకు వంగేవు?"

కోపంగా అడగలేదు. నిజంగానే తెలియక అడిగాడు. జ్ఞానమ్మ కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి దిగుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి లేపబోయింది. దానికి సెలైను గొట్టం ఉంది.

డాక్టరుగారు వచ్చి కాగితాలు చూసి, "వంగొద్దని చెప్పేం కదమ్మా?" అన్నారు.

"ఆయ్, చెప్పేరండి."

బయట వరండాలో మెర్సీ ఫోన్‌లో మాట్లాడుతోంది. సోమవారం రాలేనని చెప్పడం వినిపించింది. అవతలివాళ్ళు చాలాసేపు మాట్లాడినట్టున్నారు. మెర్సీ మధ్యమధ్యలో "ఆయ్... ఆయ్ మేడమ్" అంటోంది. చివరికి "అలాగేనండి" అని ఊరుకుంది.

లోపలికి వచ్చి, జారిపోయిన దిండును అత్తగారి కాళ్ళ మధ్య సరిచేసి, చీరపేలిక చుట్టడం మొదలుపెట్టింది. జ్ఞానమ్మకు చాలా అనాలని ఉంది.

"మేకుకున్న ఆ చీర తీసి లోపల పెట్టెయ్యి అమ్మాయ్. దుమ్ము పడుద్ది" అంది.

"ఆయ్, అత్తయ్యా" అని మెర్సీ ముడి బిగించింది.