కమిటీ కొన్న ఒంటికర్ర గుడారం

ఆ ఇంట్లో పళ్లు తోముకునే బ్రష్షు కొనాలన్నా ముందుగా నలుగురి అభిప్రాయం సేకరించే పెద్దమనిషి ఒకడున్నాడు. అందుకే కన్నతల్లి మొదలుకొని బంధువర్గమంతా అతణ్ణి కమిటీ అనే పిలుస్తారు. ప్రమాదాల్లో దెబ్బతిన్న వాహనాలను పరిశీలించి బీమా కంపెనీకి నివేదిక ఇవ్వడం అతని ఉద్యోగం. నలిగిన తలుపు చూసి తప్పెవరిదో ఇట్టే తేల్చగల ఈ నిపుణుడు, సొంత ఇంట్లో తప్పెవరిదో తేల్చవలసి వచ్చేసరికి మాత్రం గుడారాల గురించి చదవడం మొదలుపెట్టాడు.

తప్పు జరిగింది క్రితంసారి ప్రయాణంలో. కమిటీకీ అతని భార్యకూ చెరొక మోటారు సైకిలు ఉంది. ఆమె ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. విరిగి అతుక్కున్న కాళ్లను మళ్లీ నడిపించడం ఆమె పని. భర్తకు క్లచ్చు వదలడం నేర్పినదీ ఆమే. ఈ సంగతి అతడు మిత్రుల ఎదుట ఎన్నడూ ప్రస్తావించడు. సెలవు దొరికితే బృందంతో కలిసి ఏ కొండ అంచుకో వెళ్లి, గుడారాలు వేసుకుని ఓ రాత్రి గడిపి వస్తారు. బృందంలో ఆడమనిషి ఆమె ఒక్కతే.

క్రితంసారి వాళ్ల గుడారం నడుమెత్తు కూడా లేదు. వానకు తడిసిన ప్యాంటు విడిచి పొడిది వేసుకోవడానికి ఆమె వెల్లకిలా పడుకుని, నడుము పైకెత్తి, కాళ్లు తన్నుకుంటూ అవస్థపడింది. లోపల లాంతరు వెలుగుతోంది. ఆమె పడిన అవస్థంతా నీడగా గుడ్డమీద ఆడింది. బయట టీ తాగుతున్న మగవాళ్లందరూ చూశారు. ఒకడు ఫోనులో తీశాడు. బృంద నాయకుడు, అందరూ కెప్టెన్ అని పిలిచే టైర్ల వ్యాపారి, ఆ వీడియోకు "ఒడ్డున పడ్డ చేప" అని నామకరణం చేసి గ్రూపులో పంచిపెట్టాడు. ఆమె బయటికి వచ్చేసరికి అందరూ నవ్వుతున్నారు. వారిలో ఆమె భర్త కూడా ఉన్నాడు.

ఇంటికి వచ్చాక ఆమె ఏడవలేదు, అరవలేదు. ఒక్కటే చెప్పింది.

"నేను నిలబడి బట్టలు మార్చుకునే టెంటు ఉంటేనే మళ్లీ వస్తా. లేకపోతే వెళ్లు నువ్వు, నీ టీ బ్యాచ్‌తో."

కమిటీకి ప్రాణం లేచివచ్చింది. క్షమాపణ అడగమంటుందేమోనని బిక్కుబిక్కుమంటున్నవాడికి, ఏదో ఒక వస్తువు కొనుక్కురమ్మనడం ఎంత ఊరట! తప్పు ఒప్పుకోవడానికి నోరు తెరవాలి. వస్తువు కొనడానికి వేలు కదిలిస్తే చాలు.

వేలు నెలల తరబడి కదిలింది. గోపురం వంటి గుడారాలను, సొరంగం వంటి గుడారాలను అతడు వరుసగా విచారించి తిరస్కరించాడు. గోపురం బండిమీద పట్టదు. సొరంగం గాలికి ఆగదు. చివరికి గరాటును బోర్లించినట్టుండే ఒంటికర్ర గుడారం దగ్గర మనసు నిలిచింది. ఆఫీసులో పక్క కుర్చీవాణ్ణి అడిగాడు. క్షవరం చేసేవాణ్ణి, మెడకింద కత్తి ఆడుతుండగా అడిగాడు. లిఫ్టు బాగుచేయడానికి వచ్చిన మనిషిని లిఫ్టులోనే నిలబెట్టి అడిగాడు. కెప్టెన్‌నైతే ప్రతి సాయంత్రం అడిగాడు.

"ఒకే ఒక్క కర్ర!" అన్నాడు ఓ రాత్రి భోజనాల దగ్గర, నీళ్ల గ్లాసు బోర్లించి చూపిస్తూ. "చుట్టూ మేకులు కొట్టి మధ్యలో కర్ర లేపితే అయిపోయినట్టే. ముక్కలుగా విడదీస్తే బండి పక్కసంచిలో పడుతుంది. నడిమధ్యలో ఏడడుగుల ఎత్తు!"

"నన్నేమైనా అడుగుతావా?" అంది భార్య.

"నీకోసమేగా కొంటున్నది. మళ్లీ నిన్నడగడమెందుకు?"

కమిటీ తల్లి ముద్ద నోటిదాకా తెచ్చి ఆగింది. ఆవిడ కోర్టులో బెంచి గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. ఎందరో న్యాయమూర్తులకు ఎదురుగా కూర్చుని, సాక్షులు నీళ్లు నమలడం చూసి చూసి ఆరితేరింది.

"ఏరా, నీ కమిటీలో కోడలికి సీటు లేదా?"

"ఇది టెక్నికల్ విషయమమ్మా. నీకు తెలీదు."

"సరే," అని ఆవిడ ముద్ద మింగింది.

గుడారం వచ్చింది. కెప్టెన్ ఎంచిన రంగు, పాలమీగడ రంగు. ఎనిమిదిమంది పడతారని సంచిమీద రాసి ఉంది. ఆదివారం సాయంత్రం మేడమీద దాన్ని నిలబెట్టి చూపించడానికి కమిటీ బృందాన్నంతా టీకి పిలిచాడు. పరిశీలనలో అంతటి సమర్థుడికి ఒక్క సంగతి తట్టలేదు: ఈ జాతి గుడారం మేకుల బలంతో నిలుస్తుంది, మేడమీద ఉన్నదేమో సిమెంటు.

"మేకు దిగట్లేదు," అన్నాడు సుత్తి పట్టుకుని.

"ఇంకాస్త గట్టిగా కొట్టు. కింద ఉన్నది నా పడగ్గదే," అంది తల్లి.

ఆ తరువాత తాళ్లను దొరికినచోటికల్లా కట్టారు. ఒకటి నీళ్ల పైపుకు, ఒకటి పూలకుండీకి, ఒకటి పాత మంచం కోడుకు. మిగిలిన ఒక తాడును కెప్టెన్ బూటు కింద తొక్కిపట్టాడు. కమిటీ లోపలికి దూరి కర్ర లేపాడు. గుడారం లేచింది. బృందం చప్పట్లు కొట్టింది.

"రా, చూసుకో!" అన్నాడు భార్యతో, ఆకాశంలో కొంత భాగం తానే కట్టించినట్టు.

ఆమె లోపలికి వెళ్లింది. గుడ్డ నాలుగువైపులా ఏటవాలుగా దిగుతోంది. అంచుల దగ్గర మోకాళ్లమీద పాకాలి. అక్కణ్ణించి ఒకడుగు లోపలికి వేస్తే మెడ వంచి నిలబడవచ్చు. మెడ నిటారుగా నిలిపే చోటు నడిమధ్యన ఒక్కటే ఉంది. అక్కడ కర్ర ఉంది.

"నేనెక్కడ నిలబడాలి?" లోపలినుంచి గొంతు వినిపించింది.

"మధ్యలో!"

"మధ్యలో నీ కర్ర ఉందిగా."

కమిటీ బుర్ర గోక్కున్నాడు. "కర్రని కాస్త... వాటేసుకున్నట్టు నిలబడితే..."

"ఎందుకు చెల్లెమ్మా అంత ఇబ్బంది?" అని కెప్టెన్ గట్టిగా నవ్వాడు. "చేపకి తోక ఆడించేంత చోటుంటే చాలదూ!"

బృందమంతా నవ్వింది. టీ కప్పులు అందిస్తున్న తల్లి చెయ్యి ఆగిపోయింది.

"చేపేమిటి?"

ప్రశ్న వేశాక జవాబు వచ్చేదాకా కదలకుండా నిలబడటం ఆవిడకు వృత్తిలో అబ్బిన విద్య. చివరికి కెప్టెనే చెప్పాడు, నవ్వుతూ, వివరంగా, కాళ్లెలా ఆడాయో చేతులతో చూపిస్తూ. "ఊరికే సరదాకి ఆంటీ," అని ముగించాడు.

ఆవిడ కొడుకువైపు తిరిగింది.

"నువ్వు నవ్వావా?"

"అందరూ నవ్వారమ్మా."

"అందరి సంగతి నేనడగలేదు."

"...కొంచెం."

"కొంచెమంటే? పళ్లు కనపడేంతా?"

కోడలు గుడారంలోంచి బయటికి వచ్చి నిలబడింది.

"కిందికెళ్లి నీ బండి ప్యాంటు తెచ్చుకో," అంది తల్లి కొడుకుతో. "లోపలికెళ్లి మార్చుకుని రా. నీ టెంటు నువ్వే పరీక్ష చెయ్యి. టెక్నికల్ విషయం కదా."

"ఇంతమంది ముందా?"

"లోపలేగా. గుడ్డ అడ్డముందిగా."

పడమటి ఎండ సరిగ్గా గుడారం వెనకనుంచి కొడుతోంది. కమిటీ ప్యాంటు తెచ్చుకుని లోపలికి వెళ్లాడు. మీగడరంగు గుడ్డమీద అతని నీడ, పొట్టతో సహా, చక్కగా అచ్చుపడింది. పక్క మేడమీద బట్టలు తీస్తున్న ఇల్లాలు చేతిలోని దుప్పటితోపాటు నిలబడిపోయింది. నీడ వంగింది. నిక్కరు విడిచింది. మోకాళ్ల దగ్గర రక్షణ దిమ్మలు కుట్టిన దళసరి ప్యాంటులో ఒక కాలు దూర్చింది. రెండో కాలు దిమ్మ దగ్గర ఇరుక్కుంది. నీడ ఒంటికాలిమీద గెంతింది, ఇంకోసారి గెంతింది, పట్టు కోసం చేతులు చాచి, లోపల ఉన్న ఏకైక ఆధారాన్ని రెండు చేతులా పట్టుకుంది.

కర్ర పక్కకు జారింది. కెప్టెన్ కంగారులో బూటు ఎత్తాడు. గుడారం మొత్తం ఒక్క నిట్టూర్పుతో యజమానిమీద పడిపోయింది. గుడ్డకింద ఏదో వెల్లకిలా పడి కాళ్లు తన్నుకోసాగింది.

మొదట నవ్వింది కెప్టెనే. తరువాత అందరూ.

"తీయండి ఫోనులు," అంది తల్లి. "ఇప్పుడు తీయరేం? సరదా కాదా ఇది?"

నవ్వు ఆగిపోయింది. ఎవరి చెయ్యీ జేబులోకి వెళ్లలేదు.

కోడలు నవ్వలేదు. వెళ్లి గుడ్డ తొలగించింది. భర్త మోకాలు పట్టుకుని, ఆసుపత్రిలో రోగిని చూసినట్టే, "వంచు. చాపు. నొప్పుందా?" అని అడిగింది. "లేదు" అన్నాక, పాత మంచంమీది దుప్పటి అతని నడుముమీద విసిరి, గుడారం పై కొసను చేతిలోకి తీసుకుంది. కొసన బయటివైపు ఒక కొక్కెం కుట్టి ఉంది.

"ఇదెందుకుందనుకున్నావు?"

"అలంకారమేమో అనుకున్నా," అన్నాడు కమిటీ నిజాయితీగా.

నీళ్ల ట్యాంకు నిలబెట్టిన ఇనుప దూలానికి ఆమె ఒక తాడు వేసి, కొక్కేనికి ముడివేసి లాగింది. గుడారం పైనుంచి వేలాడుతూ లేచింది. ఈసారి లోపల కర్ర లేదు. కిందికెళ్లి ముదురునీలం దుప్పటీ తన బండి బట్టలూ తెచ్చి, దుప్పటిని ఎండవైపు లోపల తగిలించి, గుడారంలోకి వెళ్లింది. బయటివాళ్లకు గుడ్డ తప్ప ఏమీ కనిపించలేదు. కాసేపటికి బూట్లతో సహా తయారై, నిటారుగా నడిచి బయటికి వచ్చింది.

"నేనొస్తాను," అంది. "ఈ టెంటు నాది. నువ్వు పాతదాంట్లో పడుకో."

"అందులో కూర్చోడానికి కూడా కుదరదే!"

"పడుకుని వేసుకోవచ్చు. నేను వేసుకున్నాగా."

కమిటీ దుప్పటి సర్దుకుంటూ దగ్గరికి వచ్చాడు. బీమా తిరస్కరించిన సంగతి పాలసీదారుకు చెప్పే గొంతుతో, "సారీ," అన్నాడు మెల్లగా.

"నవ్వినప్పుడు ఇంత మెల్లగా నవ్వలేదు నువ్వు. ఎక్కడ పంచారో అక్కడ చెప్పు."

అతడు కెప్టెన్‌వైపు చూశాడు. అలవాటు. కెప్టెన్ ట్యాంకువైపు చూశాడు. సలహా చెప్పేవాళ్లు ఎవరూ మిగలలేదు. జీవితంలో మొదటిసారి కమిటీ ఎవరినీ అడగకుండా ఫోను తీసి ఏదో రాశాడు. క్షణంలో మేడమీద జేబులన్నీ వరుసగా మోగాయి. అందరూ చదువుకున్నారు: "ఆరోజు నా భార్య కష్టం చూసి నేను నవ్వాను. తప్పు నాది. ఆ వీడియో అందరూ తీసేయండి. ఆమెను ఆ పేరుతో పిలిచేవాళ్లతో నేను రాను."

కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు. "ఇంత సీరియస్‌గా తీసుకుంటావనుకోలేదు చెల్లెమ్మా."

"నేను నిజంగా మీ చెల్లెల్నయితే పంపేవారా?"

టైర్ల వ్యాపారి ఆమె కళ్లెదుటే వీడియో తీసేశాడు. మిగిలినవాళ్లూ తీసేశారు. తల్లి ఒక్కొక్కరి పక్కనా నిలబడి, కళ్లజోడు పైకి తోసుకుని, తీసేసినట్టు రూఢిచేసుకున్న తరువాతే వాళ్లకు టీ ఇచ్చింది. అప్పటికి టీ చల్లారింది.

అందరూ వెళ్లాక కమిటీ కర్ర చేతపట్టుకుని మిగిలాడు.

"చెట్టు లేనిచోట ఏం చేస్తావు? కర్ర కావాలిగా."

"కావాలి," అంది భార్య, తాడు చుట్టుకుంటూ. "ఇంకోటి చేర్చి రెండూ బయట కత్తెరలా నిలబెడదాం. మధ్యలో మాత్రం వద్దు."

"మరి ఇంకోటి ఏది కొందాం? అల్యూమినియమా? కార్బనా? కెప్టెన్‌ని ఒకసారి..."

ఆమె తాడు చుట్టడం ఆపి అతనివైపు చూసింది. కమిటీ మిగతా మాట మింగేశాడు. తరువాత, కొత్త భాషలో మొదటి వాక్యం పలుకుతున్నవాడిలా తడుముకుంటూ, "నువ్వేమంటావు?" అని అడిగాడు.