గార్డు గారి సంచి

సైలస్ గూడ్సు బండి గార్డుగా రిటైరయ్యాడు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆయన డ్యూటీ సామానంతా ఒక ఇనప పెట్టెలో ఉండేది. దాన్ని ఎక్కించడం, దించడం పోర్టరు పని. ఇప్పుడు కూతురు హదస్సాతో అనంతగిరి కొండల్లో ఒక రాత్రి గడపడానికి సంచి సర్దుతుంటే, బరువనేది ఒకటుంటుందని ఆయనకు తోస్తేగా! తాళం, గొలుసు, రెండు టార్చీలు, స్టీలు క్యారియరు, రగ్గు, అన్నీ కుక్కేశాడు.

"ముందుగాల ఇది మోసుకుంట మనింటి పక్క మౌలాలి గుట్టెక్కి చూపియ్యి డాడీ, తర్వాత మాట్లాడుదాం," అంది హదస్సా.

గుట్ట మెట్లు సగం ఎక్కేసరికే సైలస్ కూలబడ్డాడు. "ఏం తీస్తవో తియ్యి, నన్ను జెర ఊపిరి తీస్కోనియ్యి!" అని విసుక్కున్నాడు.

హదస్సా అక్కడే సంచి విప్పింది. నీళ్లు, పులిహోర, బీపీ గోళీలు, ఒక టార్చి, పల్చటి దుప్పటి ఉంచి, మిగతావన్నీ మెట్టు మీద కుప్ప పోసింది. ఆ కుప్పలో తన పాత విజిల్ కనబడేసరికి సైలస్‌కి సిగ్గేసింది.

"అలవాటు కొద్దీ ఏసిన్లే," అని గొణిగాడు.

హదస్సా దాన్ని చున్నీతో తుడిచి ఆయన మెడలో వేసింది. "ఇది మాత్రం ఉండాలె. అడవిల నేను కనబడకపోతే పరేషాన్ అయి తిరగకు. ఉన్నకాడ్నే నిలబడి ఊదు, నేనే వస్తా."

అని పైకి నడిచింది. సైలస్ లేచి ఓసారి ఊది చూశాడు. ఇన్నేళ్లూ ఆ విజిల్ ఊదితే బండి కదిలి ఆయన్ని ఇంటికి దూరంగా తీసుకుపోయేది. ఇవాళ ఊదితే కూతురు వెనక్కి వచ్చింది.