ఖాళీ నెలలు

ఆ లిఫ్టు మెకానిక్ ఇరవై ఏళ్ళుగా ఇతరుల మేడలెక్కి దిగుతున్నాడు. తనకూ ఒక మేడ ఉండాలన్న కోరిక అతనికి తన కోసం పుట్టలేదు. అతని భార్య ఆసుపత్రిలో నర్సు. నెలకు పన్నెండు రాత్రులు డ్యూటీ చేస్తే ఆరువేలు అదనంగా వచ్చేవి. ఆ ఆరువేలు మరో దారిన వస్తే ఆవిడ నడుం వాల్చి హాయిగా నిద్రపోతుందని అతని ఆశ.

బ్రోకరు చూపించిన నాలుగు వాటాల ఇల్లు అతనికి తెగ నచ్చింది. వాటాకి ఎనిమిది వేల చొప్పున ముప్ఫై రెండు వేల అద్దె. బ్యాంకు వాయిదా ఇరవై ఆరువేలు. మిగిలేది సరిగ్గా ఆరువేలు!

ఆ కాగితం పట్టుకుని అక్క దగ్గరికి పరిగెత్తాడు. ఆమె ఒక బడి ఆఫీసులో జీతాల లెక్కలు చూసేది.

"ఏడాది పొడుగునా నాలుగు వాటాలూ నిండే ఉంటాయని ఎవడు చెప్పాడ్రా?" అంది అక్క.

"బ్రోకరు."

"వాడికేం, అమ్మేసి చేతులు దులుపుకుంటాడు. ఏడాదిలో మూడు నెలలు ఏదో ఒక వాటా ఖాళీగా ఉందనుకో, నెలకి రెండువేలు పోయినట్టే. రిపేర్లకి మూడువేలు పక్కన పెట్టు. పన్నూ బీమా రెండు. మోటారుకీ మెట్ల లైట్లకీ కరెంటు ఒక వెయ్యి. ఎంతయింది?"

"ఎనిమిది."

"అంటే మిగలడం మాట దేవుడెరుగు, నెలనెలా నువ్వే రెండువేలు ఎదురు పెట్టుకోవాలి. మూడు లక్షలు తగ్గిస్తే తీసుకో. లేదంటే వదిలెయ్."

అతనికి ఒళ్ళు మండింది. "మంచి కబురు చెబుదామని వస్తే నీళ్ళు చల్లుతావేంటక్కా? చేతిలో పనున్నవాణ్ణి, రిపేర్లు నేనే చేసుకుంటాను."

ఇంటికొచ్చి భార్యకు తన లెక్క చెప్పాడు. అక్క లెక్క చెప్పలేదు. ఆవిడ మారుమాట లేకుండా పదిహేనేళ్ళుగా దాచుకున్న డబ్బు తీసి ఇచ్చింది.

కింది వాటాలో తొమ్మిదేళ్ళుగా ఒక టైలరమ్మ ఉండేది. ఒంటరి మనిషి. ఒకటో తారీఖు పొద్దున్నే అద్దె చేతిలో పెట్టేది. కుళాయి కారినా, తలుపు బిగిసినా తనే మనిషిని పిలిపించుకునేది. ఇలాంటివాళ్ళు దొరకడం మామూలేనని అతను అనుకున్నాడు. మొదటి ఏడాదే పై వాటా రెండు నెలలు ఖాళీగా పడి ఉంది. గోడలోని మురుగు గొట్టం పగిలింది. అది లిఫ్టు కాదు, అతని చేతికి లొంగలేదు. భార్య నెలకు మరో నాలుగు రాత్రులు అడిగి వేయించుకుంది.

రెండో ఏడాది అన్ని వాటాలకూ రెండేసి వేలు పెంచాడు.

"వెయ్యి పెంచండి బాబూ, ఇస్తాను. రెండంటే నా వల్ల కాదు," అంది టైలరమ్మ.

"మిగతావాళ్ళు ఒప్పుకున్నారండీ. మీ ఒక్కరికే తగ్గిస్తే ఎలా?"

మర్నాడే గేటుకి టులెట్ బోర్డు కట్టాడు. నెల తిరక్కుండా ఆవిడ ఖాళీ చేసింది. సున్నాల ఖర్చంటూ ఆవిడ అడ్వాన్సులో సగం పట్టుకున్నాడు. ఆ వాటాలోకి ఐదు నెలల దాకా ఎవరూ రాలేదు. ఏడాదికి పన్నెండు వేల కోసం పట్టుబట్టి, ఆవిడ ఇస్తానన్న తొమ్మిదివేల చొప్పున ఐదు నెలల్లో నలభై ఐదు వేలు పోగొట్టుకున్నాడు.

మూడో ఏడాది ఇల్లు అమ్మేశాడు. అప్పు తీర్చాక చేతికొచ్చింది పెట్టినదాంట్లో సగమే. ఆ వారంలోనే ఒక పొద్దున భార్య రాత్రి డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ అంది:

"వదిన ముందే చెప్పిందటగా?"

అతను ఆవిడ చేతిసంచి అందుకుని బల్ల మీద పెట్టాడు.

"పోయిన డబ్బు గురించి కాదండీ. నాకూ చెప్పి ఉంటే ఇద్దరం కలిసి ఆలోచించేవాళ్ళం. ఈ మూడేళ్ళూ రాత్రి వార్డులో నిలబడింది నేనే కదా."

తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. ఆవిడ కాళ్ళు కడుక్కుని పడుకుంది. వీధి గోల వినిపించకుండా అతను కిటికీ మూశాడు.

మరుసటి ఆదివారం వాకబు చేసి టైలరమ్మ కొత్త గది కనుక్కున్నాడు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మిషను, బట్టల మూటలు, వాటి మధ్య ఒక మనిషి పట్టేంత చోటు. పట్టుకున్న అడ్వాన్సు ఆమె ముందు పెట్టాడు.

"ఇప్పుడెందుకు బాబూ ఇది?"

"మీకు రావాల్సిందేనమ్మా. నేనే ఉంచుకున్నాను."

ఆమె కవరు తీసి డబ్బాలో పెట్టుకుంది. మూత బిగిస్తూ అంది: "అప్పుడు మా చెల్లెలు నెలనెలా ఐదొందలు సాయం చేస్తానంది. పదిహేనొందలే పెంచితే ఉంటానని చెబుదామని మీ దగ్గరికి బయల్దేరాను."

"మరి చెప్పలేదేం?"

"గేటు దగ్గర బోర్డు చూశాను. ఇంకేం చెబుతాను?"

ఆమె జాకెట్టు ముక్క మళ్ళీ మిషను మీదికి జరుపుకుంది. అతను గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగాడు.