చివరి పేరా

"నీ కథకి నలభై మూడు లైకులొచ్చాయి. టీ ఏదీ?"

రెండు మాటలూ ఒక్క ఊపిరిలోనే అనేశాడాయన, సోఫాలో కాళ్ళు చాపుకుని. ఆమె తడిబట్టలు దులిపి తీగ మీద వేస్తోంది. చేతిలో దిండుగలీబు అలాగే పట్టుకుని, "కిందటిసారి యాభై దాటాయి కదండీ?" అంది.

"తగ్గవూ మరి? నువ్వు రాసేవన్నీ ముదురు రంగులు. జనానికి లేత రంగులు కావాలి."

ఆయన గోడల రంగులమ్మే కంపెనీలో సేల్స్ మనిషి. ఇరవై రెండేళ్ళుగా షాపు షాపుకీ తిరిగి డబ్బాలు అమ్మించాడు. గోడకైనా కథకైనా ఆయన దగ్గర ఒక్కటే షేడ్ కార్డు.

ఆమె ఉద్యోగం రక్తపరీక్షల ల్యాబులో. రక్తం తీసిన గొట్టం మీద చీటీ అంటించడం. చూడ్డానికి చిన్న పనే. కానీ ఒకరి చీటీ కింద ఇంకొకరి రక్తం వెళ్ళిందంటే కొంప మునిగినట్టే. అందుకే "మీ పేరు మీరే చెప్పండి" అని వచ్చినవాళ్ళని రెండుసార్లు అడుగుతుంది. పదకొండేళ్ళలో ఒక్కసారే తప్పు దొర్లింది. ఆ రోజు ఆ గొట్టం పారేయించి, పాపం ఆ పెద్దాయన్ని ఇంటి నుంచి మళ్ళీ పిలిపించి, క్షమించమని అడిగి, ఇంకోసారి రక్తం తీయించింది. అంతకంటే వేరే దారి లేదక్కడ.

కథలు రాసేది మధ్యాహ్నం భోజనం టైములో. ఉన్నదే అరగంట. నాలుగు ముద్దలు గబగబా మింగేస్తే ఇరవై నిమిషాలు మిగులుతుంది. పాడైపోయిన ఫారాల వెనకవైపు రాసి, మడిచి, ఇంటికి తెచ్చి ఆయన చేతికిస్తుంది. ఆయన టైపు చేసి నెట్లో ఆమె పేరుతో ఉన్న పేజీలో పెడతాడు. ఆ పేజీ తెరిచిందీ, ఆమె ఫొటోల్లో బావున్నది ఎంచిందీ, బావుందన్నవాళ్ళకి పువ్వుల బొమ్మలు పంపేదీ అన్నీ ఆయనే. "నువ్వు రాయి, మిగతాది నాకొదిలెయ్" అన్నాడు. మొదట్లో ఎంత పొంగిపోయిందో చెప్పలేను. మా ఆయన ఎంత సపోర్టో అని ల్యాబులో అందరికీ చెప్పుకుంది. ఆమె ఫోను ఆయన వాడి పక్కన పడేసిందే. అందులో చోటు లేదు, ఆ యాప్ పట్టదు అన్నాడు. పోనీ మీ ఫోన్లో చూపించండి అంటే, లైకుల అంకె మీద బొటనవేలు పెట్టి "ఇదిగో" అని, ఫోను జేబులో వేసుకునేవాడు.

అత్తగారు కోడలి కథల్ని ఒక్కమాట అనేది కాదు, మర్యాదస్తురాలు. ఫోన్లో చుట్టాలతో మాత్రం, "పాపం మావాడు, ఆఫీసు నుంచి వచ్చి దాని కథలు కూడా టైపు కొట్టాలి. వేళ్ళు నొప్పులంటాడే" అనేది. కోడలు ల్యాబు నుంచి వచ్చి వంట చేసి, అంట్లు తోమి, ఆవిడ మోకాళ్ళకి మందు రాస్తుంది. అవి వేళ్ళతో చేసే పనులు కావు కాబోలు.

వారం కిందట ఉల్లిపాయలు తరుగుతూ అంది, "ఇక మానేస్తానండీ. ఎవరి కోసం రాస్తున్నానో తెలీట్లేదు." నిజంగానే మానేద్దామనుకుంది. అంకె తప్ప ఇంకేం కనిపించని చోట ఎన్నాళ్ళని రాస్తుంది మనిషి? ఆయన ముందుగదిలోంచి, "ఛ, అలా అనకూడదు" అన్నాడు. మరుక్షణం ఆమె ఫోను టింగుమంది. సూర్యోదయం బొమ్మ, కింద "ఆగకు, సాగిపో!" అని. రెండేళ్ళుగా రోజూ ఒకటి పంపుతాడు. పక్కగదిలోంచే. లేచి వచ్చి ఉల్లిపాయ అందుకున్నది లేదు.

శుక్రవారం ల్యాబుకి ఒకావిడ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. పేరు చెప్పి, చెయ్యి చాపి, ఈమె మొహంలోకే చూస్తోంది.

"అక్కా, 'ముందు కంచం' కథ రాసింది మీరే కదూ?"

చీటీ వంకరగా అంటుకుంది. కథ చదివిన మనిషిని ఎదురుగా చూడ్డం అదే మొదటిసారి.

"చదివారా?"

"మూడుసార్లు. పద్దెనిమిదేళ్ళు అందరూ తిన్నాక తిన్న మనిషి, ఒకరోజు ముందు తనే వడ్డించుకుని కూర్చోవడం... నన్ను చూసి రాశారేమో అనుకున్నా. కానీ చివర్లో అలా చేశారేంటక్కా?"

"ఎలా?"

"అదే, ఏడ్చి కాళ్ళ మీద పడ్డం. మా ఆయన సరిగ్గా ఆ ముక్కే గట్టిగా చదివాడు. చూశావా, రాసినావిడకే బుద్ధొచ్చింది, నీకెప్పుడొస్తుంది అన్నాడు."

ఈమె ఆవిడ ఫోను అడిగి తీసుకుంది. తన కథే. తన మాటలే. చివరి పేరా దాకా. ఫారం వెనక తను రాసినప్పుడు కథలో ఆవిడ చివరగా అన్న మాటలు రెండే: "ఆకలేసింది. తిన్నాను." వాటి బదులు ఇలా ఉంది: "అప్పుడామె కంచం పక్కకి నెట్టి, కన్నీళ్ళతో భర్త ముందు మోకరిల్లి తన తప్పు తెలుసుకుంది. కుటుంబమే స్త్రీకి అసలైన విందు!" ఆశ్చర్యార్థకం కూడా ఉంది.

పైకి జరుపుతూ పోయింది. ఇల్లు వదిలి ఉద్యోగానికెళ్ళినావిడ బస్టాండు నుంచే వెనక్కొచ్చేసింది. జీతం నా దగ్గరే ఉంటుంది అన్నావిడ మర్నాడే తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. పద్నాలుగు కథలు. పద్నాలుగుమంది ఆడవాళ్ళూ ఏడ్చి ఇల్లు చేరారు.

"అది నేను రాయలేదమ్మా."

"మీ పేరే ఉంది కదక్కా," అంది ఆవిడ, అమాయకంగానే. ఈమె వంకరపోయిన చీటీ పీకి కొత్తది అంటించింది. "రిపోర్టు సోమవారం" అని మాత్రం చెప్పగలిగింది.

ఇంటికెళ్ళి చెప్పులైనా విప్పకుండా అడిగింది. ఆయనేం తడుముకోలేదు.

"కొంచెం పాలిష్ పెట్టాను. నీకోసమే కదటే! నువ్వు రాసింది రాసినట్టు పెడితే నాలుగు లైకులు రావు."

"అయితే ఆ నలభై మూడూ మీవే. ఉంచుకోండి. ఆ పేజీ తీసెయ్యండి."

"మూడొందలమంది ఉన్నారందులో! ఎంత కష్టపడి చేర్చానో తెలుసా?"

"ల్యాబులో చీటీ తప్పయితే గొట్టం పారేస్తామండీ. ఎంత కష్టపడి తీసినా."

అత్తగారు గదిలోంచి, "ఏంట్రా గొడవ?" అంది. ఆయన గొంతు తగ్గించాడు. "చూడు, ఇప్పుడు తీసేస్తే మనవాళ్ళేమనుకుంటారు?"

"ఆదివారం దాకా చూస్తాను. తియ్యకపోతే కొత్త పేజీ పెట్టి మొదటి మాట అదే రాస్తాను, ఆ కథల చివరలన్నీ మా ఆయనవి అని."

"నా పరువు తీస్తావా?"

"రాసినవాళ్ళ పేరు వెయ్యడం పరువు తియ్యడం ఎలా అవుతుందండీ?"

ఆయన ఫోను జేబులో వేసుకుని లేచాడు.

ఆదివారం పొద్దుటికీ ఆయన పేజీ తియ్యలేదు. ఆమె వంటింట్లో పీట వాల్చుకుని ఫోను తీసింది. చోటెందుకు లేదో చూద్దామని. ఏడువందల పన్నెండు సూర్యోదయాలున్నాయి. ఆగకు, సాగిపో. కలలు కను. నువ్వు చెయ్యగలవు. అన్నీ కలిపి పట్టి తీసేసింది. యాప్ హాయిగా పట్టింది.

కొత్త పేజీకి తన పేరు తనే కొట్టింది. మొదటి మాట అన్నట్టే రాసింది. చేరినవాళ్ళు సున్నా. ఆయన సొరుగులోంచి తీసుకున్న ఫారం కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ మొదలుపెట్టింది. అత్తగారు రెండుసార్లు పిలిచింది, "వస్తున్నానత్తయ్యా" అని కదల్లేదు. సోమవారం రిపోర్టు ఇచ్చేటప్పుడు శుక్రవారం వచ్చినావిడకి చూపించాలి. క్షమించమని అడగాలి.

ఆయన టీ కోసం వచ్చి, పొయ్యి ఖాళీగా ఉండటం చూసి, వెనక నిలబడి తొంగి చూశాడు. అలవాటుకొద్దీ చివరికే చూశాడు.

"ఆకలేసింది. తిన్నాను." చదివి ఆగాడు. "తర్వాత?"

"తర్వాతేం లేదు," అంది ఆమె. "గిన్నె పై అరలో ఉంది. టీ పెడితే నాకూ ఒక కప్పు పెట్టండి."