కవరులో పెట్టిన కార్డు

కుమారస్వామికి ముప్పై ఎనిమిదేళ్లు. అందులో తొమ్మిదేళ్లు హైదరాబాద్ అశోక్ నగర్‌లోనే కరిగిపోయాయి, ఒకే హాస్టల్లో, కిటికీ పక్క మంచం మీద. గ్రూప్-టూ రాయడం, పోవడం, మళ్ళీ రాయడం. మనిషికున్న ఒకే ఒక్క సరదా పోస్టుకార్డులు. ఒక వెబ్‌సైటు ముక్కూమొహం తెలియనివాళ్ళ అడ్రసు ఇస్తుంది. వాళ్ళకో బొమ్మకార్డు రాసి పంపితే, అది చేరాక ఇంకెవరో ఏ దేశం నుంచో మనకొకటి పంపుతారు. ఇంగ్లీషు ప్రాక్టీసవుతుందని మొదలుపెట్టాడు మహానుభావుడు. ఇంగ్లీషు ఎక్కడిదక్కడే ఉంది, కార్డులు మాత్రం రెండు చెప్పుల డబ్బాలు నిండాయి.

కార్డుకి కవరుండదు కదా! వచ్చిన ప్రతిదాన్నీ హాస్టల్ యజమాని రాఘవేంద్ర గారు కుర్చీలో కూర్చుని తీరిగ్గా చదివాకే ఇచ్చేవారు. "ఏవండీ కుమారస్వామి గారూ, పోర్చుగల్లో ఒకటే వానలటండీ!" అని గేటు దగ్గర్నుంచే కేకేసేవారు. మంచివారే. నోరే ఆగదు.

అలా పరిచయమైనవాడే యారోస్లావ్, చెక్ దేశంలో రైల్వేలో చేసి రిటైరైన ముసలాయన. ఒక్క కార్డుతో ఆగకుండా నాలుగేళ్లుగా ఇద్దరూ నేరుగా రాసుకుంటున్నారు. ప్రతి కార్డు చివరా ఆయనదొకటే ప్రశ్న: ఉద్యోగం వచ్చిందా? ఇంట్లోవాళ్ళే అడగడం మానేసి మూడేళ్లయింది. ఈయన మాత్రం మానలేదు. మొన్న ఎండాకాలం వచ్చిన కార్డులో అక్షరాలు వంకరలు పోయాయి. "డాక్టర్లు ఇక లాభం లేదన్నారు. నీ మంచి వార్త విని పోవాలని ఉంది" అని రాశాడు.

సరిగ్గా ఆ వారమే ఫలితాలొచ్చాయి. కుమారస్వామి తన నంబరు కోసం పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ వెతికాడు పాపం. లేదు.

చచ్చిపోయే మనిషిని సంతోషపెడితే ఎవరి సొమ్మేం పోయింది? కార్డు తీసి, డిప్యూటీ తహసీల్దార్‌గా సెలెక్టయ్యానని రాసేశాడు. రాశాక సిగ్గేసింది. పోస్టాఫీసులో ఎవరైనా చదివితే? నారాయణగూడ వెళ్ళి కవరు కొన్నాడు. కార్డు అందులో పెట్టి, నాలుగువైపులా జిగురు రాసి, చిక్కడపల్లిలో పోస్టు చేశాడు. అన్ని కార్డులు పంపినవాడు కవరు కొనడం అదే మొదలు. తన కార్డు దాచుకున్నాడు సరే, జవాబుగా వచ్చే కార్డు సంగతి తట్టలేదు పిచ్చిమారాజుకి!

ఆరు వారాలయ్యాక, చిక్కడపల్లి లైబ్రరీ నుంచి సాయంత్రం వస్తుంటే గేటు దగ్గర ఒకటే గోల. హాస్టల్ కుర్రాళ్ళంతా మీద పడ్డారు. "అన్నా, దావత్ ఎప్పుడిస్తవే? గింత పెద్ద ముచ్చట దాస్తరా ఎవలన్న?"

రాఘవేంద్ర గారు కార్డు ఊపుతూ వచ్చారు. "మాకు మాటమాత్రమైనా చెప్పకపోతే ఎలాగండీ! డిప్యూటీ తహసీల్దార్ గారికి అభినందనలని రాశాడు కదా ముసలాయన. నాకు కాలు నిలవలేదనుకోండి. రిజిస్టర్లో నంబరు చూసి మీ ఇంటికి ఫోన్ చేసేశాను. మీ అమ్మగారు ఏడ్చేశారండీ."

కుమారస్వామి కార్డు అందుకున్నాడు. అభినందనల కింద, "ఇక నిశ్చింతగా పోతాను" అని ఉంది. దాని కింద, రాఘవేంద్ర గారు సంబరంలో చదవకుండా వదిలేసిన వేరే చేతిరాత: "నాన్న తొమ్మిదో తారీకు పొద్దున పోయారు. మీ కార్డు ఆయన దిండు కిందే ఉంది. ఆయన కూతురు."

ఏడుపొచ్చింది. ఎవరికోసమో వాడికే తెలియలేదు. కుర్రాళ్ళు సంతోషమనుకుని భుజాలు తట్టారు.

జేబులో ఫోన్ మోగింది. అమ్మ, అనసూయమ్మ.

"బిడ్డా, నీ నాయిన చెప్పులు గూడ ఏస్కోకుండ ఊరంత తిరుగుతుండు. తొమ్మిదేండ్లు తలకాయ దించుకున్న మనిషి. నువ్వు జాయినైన నాడు వస్తడంట, నిన్ను కుర్చీల జూస్తడంట. ఎప్పుడు జాయినైతవు కొడుకా?"

చెప్పెయ్యాలనే నోరు తెరిచాడు. చుట్టూ కుర్రాళ్ళు, ఎదురుగా రాఘవేంద్ర గారు, అందరూ వాడి నోటి వంకే చూస్తున్నారు. అవతల అమ్మ ఊపిరి బిగబట్టి వింటోంది.

"సోమారం, అమ్మా" అన్నాడు.

ఆ రోజు శుక్రవారం.