మొండి గొట్టం

కూతురు కారుకి కొత్త సైలెన్సర్ బిగించుకొచ్చిన రోజు నుంచి తల్లి ప్రాణం గుప్పిట్లోనే ఉంది. పేరుకి సైలెన్సరే గానీ, అంత లావు గొట్టం నిండా అరుపే. వీధుల్లో తిరిగేటప్పుడు పరవాలేదు. పెద్ద రోడ్డెక్కి ఎనభై అందుకోగానే కారు లోపల ఒకటే గుంయ్‌మనే మోత, దవడలు అదిరిపోయేలా. మొన్న ఆ మోతలో వెనక లారీ హారన్ ఇద్దరికీ వినబడలేదు. లారీ అద్దాన్ని రాసుకున్నంత పని చేసి పోయింది.

"ఆ మోత పోతే సరేసరి. లేదా, ఆదివారానికల్లా కారు అమ్మేస్తున్నావు," అంది తల్లి.

మూడేళ్ళపాటు ఒక్కో భాగమే మార్చుకుంటూ ముద్దుగా చేసుకున్న కారు. అయినా లారీని తలుచుకుని కూతురు తల్లిని ఎక్కించుకుని నేరుగా వెల్డింగ్ షెడ్డుకి పోనిచ్చింది.

అక్కడి మేస్త్రీ వాళ్ళతో కార్లో ఒక చుట్టు తిరిగొచ్చాడు. "సీటు మీద చెయ్యి పెడితే మోత తెలుస్తోంది, శ్రుతే అందట్లేదు తల్లీ. ముప్ఫై ఏళ్ళు సుత్తి దెబ్బల్లో బతికినవాణ్ణి, చెవులు సగం ఇనుమైపోయాయి," అన్నాడు. ఫోన్లో శ్రుతి కొలిచే యంత్రం ఉంది గానీ, రోడ్డు మీద గాలి హోరుకి దాని సూది పిచ్చెక్కినట్టు ఊగింది.

"పాపా, ఆ మోత ఎలా ఉంటుందో ఓసారి నోటితో అను."

కూతురు అంది. ఒకసారి వచ్చిన శ్రుతి రెండోసారి రాలేదు.

"అది కాదే నీ మొహం!" అని తల్లి కళ్ళు మూసుకుని "ఊఁ..." అంది.

సూది ఒక అంకె దగ్గర నిలబడిపోయింది. మంచినీళ్ళు తాగి మళ్ళీ అంది. అదే అంకె. మూడోసారీ అంతే.

మేస్త్రీ నోరు తెరిచాడు. "పాట నేర్చుకున్నారా అమ్మా?"

"నాకెక్కడి పాట బాబూ! సాయంత్రం గుమ్మంలో నిలబడి ఆ మోత కోసమే చెవులు రిక్కించుకుని చూస్తుంటా. కారు వంతెన మీదికి రాగానే వినబడుతుంది. వినబడిందా, అమ్మయ్య, నా పిల్ల బతికే ఉంది."

"ఇకనుంచి బయల్దేరేముందు ఫోన్ చేస్తాలేమ్మా," అంది కూతురు మెల్లిగా.

"చేస్తావ్, చేశావ్!"

"మీది ఆడగొంతు. బండి అదే శ్రుతిలో, సరిగ్గా ఒక స్థాయి కింద మూలుగుతోంది," అన్నాడు మేస్త్రీ. ఎనభై దగ్గర ఇంజన్ తిరిగే చుట్లతో లెక్క సరిచూసుకుని, మీటరు పైచిలుకు గొట్టం కోశాడు. ఒక కొస అసలు గొట్టానికి అతికి, రెండో కొసకి ఇనుప బిళ్ళ వేసి మూసేశాడు.

తల్లి గబుక్కున అడ్డొచ్చింది. "అయ్యో, మూసేశావేంటి? పొగ ఎటు పోతుంది? కార్లోకి వస్తుందా? పేలుతుందా?"

"పొగ దారి పొగదేనమ్మా. ఇది మొండి గొట్టం, దీన్లోకి మోత ఒక్కటే దూరుతుంది. ఆ చివరి బిళ్ళకి కొట్టుకుని తిరిగొస్తుంది. అప్పటికి అసలు మోత పైకి లేస్తుంటే ఇది కిందికి లాగుతుంది. రెండూ కలిస్తే సున్నా. పొడవు తప్పితే మాత్రం పని జరగదు."

"మోతని మోతే మింగేస్తుందా?"

"మింగేస్తుంది."

తల్లికి నమ్మకం కుదరలేదు. పెద్ద రోడ్డెక్కగానే తలుపు పిడి పట్టుకుని కళ్ళు మూసుకుంది. అరవై. డెబ్బై. "వస్తుంది చూడు! ఇదిగో, ఇప్పుడొస్తుంది!" అని గొంతు చించుకుంది.

కారంతా ఆ అరుపొక్కటే వినబడింది. కళ్ళు తెరిచింది. ముల్లు ఎనభై దాటి ఉంది. టైర్ల కింద రోడ్డు సర్రున జారుతున్న చప్పుడు, పక్కన కూతురి ఊపిరి. అంతే.

ఎక్కడో బాగా వెనక ఒక లారీ హారన్ కొట్టింది. ఇద్దరూ ఒక్కసారే అద్దంలోకి చూశారు. కూతురు తాపీగా పక్కకి తప్పుకుంది. లారీ దాని దారిన అది పోయింది.

తల్లి కిందికి చూసింది. తను కళ్ళు మూసుకుని అన్న "ఊఁ" పొడవంతా ఇనుమై, కాళ్ళ కింద, వచ్చిన మోతని వచ్చినట్టే మింగేస్తోంది. గుళ్ళో అడుగుపెట్టినట్టు గొంతు తగ్గించుకుంది.

"మన మలుపు దాటిపోయాం కదే?"

"అవును, చూసుకోలేదు. వెనక్కి తిప్పనా?"

"వద్దులే," అంది తల్లి. "ఇలాగే ఇంకాస్త దూరం పోనీ."